పరాయి సేనకు రంగు గలదా?

ఒక దేశపు సేన మఱొక దేశపు గడపదాటి లోపల కాలుపెట్టినప్పుడు, అది న్యాయమా అన్యాయమా యని యడుగుటకు ముందు ఆ సేన యెవరిదని యడుగువా రొక తెగగా మన దేశమున నేర్పడియున్నారు. సేన లండనునుండి గాని వాషింగ్టనునుండి గాని వచ్చినచో నది దురాక్రమణము. మాస్కోనుండి వచ్చినచో సోదరసహాయము. పీకింగునుండి వచ్చినచో సరిహద్దు తగాదా. వామపక్షములలో పెద్దలైన కమ్యూనిస్టు మిత్రుల నడవడిలో నీ పంక్తిభేదము ఎనుబదియేండ్లుగా కానవచ్చుచున్నది. ఆదోని సంతలో ప్రత్తి కొనుట కొక తూనికరాయిని, అమ్ముట కొక తూనికరాయిని ఉంచుకొన్న వర్తకుని మన రైతు ఏమనునో, రాజకీయములలో నట్లు చేయువానిని గూడ నదే యనవలెను. ఇతర సీమలవారు దీనిని సహించిన సహింతురుగాక. కడప కర్నూలు మండలములవారు సహింపరాదని మా వాదము. ఇందుకు సాక్ష్యము దూరమున వెదకనక్కఱలేదు. మన సీమకు నిన్నమొన్నటివరకు నుండిన పేరే సాక్ష్యము.

ఆ పేరు దత్తమండలములు. ఎవ రెవరికి దత్తము చేసిరి? దేనికై చేసిరి? హైదరాబాదు నవాబు నిజాం అలీఖాను ఒకవైపు మరాఠాలకును, ఒకవైపు టిప్పుసుల్తానుకును జంకి, 1798లో ఇంగ్లీషు కుంపిణీవారితో సంధి చేసికొనెను. తన కొలువులో ఫ్రెంచివారు తీర్చిదిద్దిన పటాలములను రద్దుపఱచి, తన రక్షణకై కుంపిణీ పటాలములను రప్పించుకొనెను. రక్షకులకు జీతబత్తెము లీయవలెను గదా! ఏటేట రొక్క మిచ్చుటకు బదులుగా 1800 అక్టోబరులో, మైసూరు యుద్ధములవలన తనకు సంక్రమించిన తుంగభద్ర దక్షిణపు సీమను కుంపిణీకి వ్రాసి యిచ్చెను. కడప, బళ్లారి, అనంతపురము, కర్నూలులో కొంతభాగము ఇట్లు పరాయి సేనకు జీతముక్రింద చెల్లిపోయినవి. సేనను పిలిచినవాడు హైదరాబాదు కోటలో సుఖముగా నుండెను. కూలి చెల్లించినవాడు పెన్న యొడ్డున కొఱ్ఱయు జొన్నయు పండించుకొను రైతు. వాని నడిగినవారు లేరు.

తరువాతి కథ యెల్లర కెఱుకయే. మన్రోదొర కలెక్టరై వచ్చి ఎనుబదిమంది పాలెగాండ్రను అణచెను. కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాను ఆయుధములు కూడబెట్టినాడను నెపమున 1839లో వాని సంస్థానమును హరించి, వానిని తిరుచిరాపల్లికి పంపిరి. 1846లో తిరుగుబాటు చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరిదీసిరి. నిజామును కాపాడుటకై వచ్చిన సేన, కాపాడవలసిన శత్రువులందఱు నశించిన పిదప గూడ సికిందరాబాదు దండును విడువలేదు. ఇంచుమించు నూటయేబదియేండ్ల తరువాత గాని, అదియు ఇంగ్లీషువారి రాజ్యమే అంతరించిన పిమ్మట గాని, దాని పీడ విరగడకాలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి సూచనపై మనవారు ఆ దానపత్రపు పేరును విసర్జించి రాయలసీమ యను పేరు ధరించిరి. పేరు మార్చుకొంటిమి గాని పాఠమును మఱువరాదు. పిలుపుపై వచ్చినను పరాయి సేన పరాయి సేనయే. పిలిచిన దొర పిలుపు ప్రజల సమ్మతి కానేరదు. ఖర్చు మాత్రము అడుగబడనివాని నెత్తిపైననే పడును.

ఈ పాఠముతో మన వామపక్షచరిత్రను పరీక్షింతము. ముందుగా వారికి న్యాయము చేయుట ధర్మము. మా విమర్శకు గుఱియైనవారు సామాన్యులు కారు. కడపనుండి నాలుగుమారులు లోకసభ కెన్నికైన యెద్దుల ఈశ్వరరెడ్డిగారు, కలిగిన యింట పుట్టి కడజాతి కూలీల పక్షమున నిలిచిన అనంతపురపు తరిమెల నాగిరెడ్డిగారు, కడపనుండి 1968లో సంవేదన పత్రికను వెలయించిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు ఆ శిబిరమువారే. తెలుగువారందఱు నొక్క రాష్ట్రముగా నుండవలెనని 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యమను గ్రంథము వ్రాసినవారు పుచ్చలపల్లి సుందరయ్యగారు. వీరి త్యాగమును శంకించువారికి పుట్టగతులుండవు. అంత త్యాగము చేసినవారి నావకు చుక్కాని యెవరి చేతిలో నుండెనన్నదే ప్రశ్న.

1939 సెప్టెంబరులో ఐరోపా యుద్ధము రేగినప్పుడు కమ్యూనిస్టులు దానిని సామ్రాజ్యవాద యుద్ధమనిరి. ఇంగ్లీషువారికి ఒక్క పైసయైనను, ఒక్క మనిషినైనను ఈయరాదని చాటిరి. ఆ మాట చెప్పి చెఱసాలలకు బోయిరి. 1941 జూన్ 22న హిట్లరు రష్యాపై దండెత్తెను. ఆ డిసెంబరునాటికి అదే యుద్ధము వారికి ప్రజాయుద్ధమయ్యెను. ఈ యాఱునెలలలో హిందూదేశమున మారినదేమి? వైస్రాయి వాడే, లాఠీ యదే, జైలుకూడు నదే. మారినది మాస్కో నగరపు పరిస్థితి. 1942 జూలైలో వారి పార్టీపై నిషేధము తొలగెను. ఆగస్టు 8న కాంగ్రెసు క్విట్ ఇండియా తీర్మానము చేసి, మఱునాటి ఉదయమునకే నాయకులందఱు బందీలు కాగా, కమ్యూనిస్టు పార్టీ ఆ యుద్యమమునకు విముఖమై నిలిచెను. హిట్లరు ఓడుట లోకకల్యాణమే. సోవియట్టు ప్రజలు రెండుకోట్లకు మించి ప్రాణములను ధారవోసి లోకమును కాపాడిన మాటను మేమును శిరసావహింతుము. ఐనను ఫాసిజమును ద్వేషించుటకును, స్వరాజ్యోద్యమమునకు ఎడమొగమిడుటకును సంబంధమేమి? సోషలిస్టు జయప్రకాశ్ నారాయణగారు ఫాసిస్టు కారు. ఆయన 1942 నవంబరులో హజారీబాగు జైలుగోడ దాటి వచ్చి ఉద్యమమును నడపెను. వామపక్షమున గూడ వేఱుదారి యుండెనని, దానిని చూడగలిగిన కన్నులుండెనని ఆ గోడయే చెప్పును.

చుక్కాని వేఱొకచోట నుండుటవలన కలుగు నష్టమును వారే మొదట అనుభవించిరి. తెలంగాణమున నిజాము నిరంకుశత్వముపై 1946లో లేచిన రైతుపోరాటము చరిత్రలో నిలువదగినది. 1948 సెప్టెంబరులో నిజాము లొంగిపోయిన పిదప ఆ పోరాటము నిలుపవలెనా, నడపవలెనా యను తర్కము పుట్టెను. నల్లగొండ గ్రామములలో చచ్చుచున్నవారి కొడుకులు తీర్పవలసిన యా తర్కమును తీర్చుకొనుటకు 1951లో నలుగురు నాయకులు రహస్యముగా మాస్కోకు బోయి స్టాలినును దర్శించిరి. వారిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యగార్లు తెలుగువారే. ఆ యక్టోబరులో పోరాటము విరమింపబడెను. విరమించుట మంచిదే కావచ్చును. ఆ బుద్ధి జనగామ రైతు చెప్పినప్పుడు వినక, క్రెమ్లిను చెప్పినప్పుడు వినుటయే చింతింపదగినది.

నాలుగేండ్లు తిరుగకమున్నే ఆ ఋణమునకు వడ్డీ కట్టవలసివచ్చెను. 1955 ఫిబ్రవరిలో ఆంధ్రరాష్ట్రమున మధ్యంతరపు ఎన్నికలు. రాజధాని మన కర్నూలు. రాష్ట్రాధికారము తమదేయని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మియున్న సమయమది. అంతలో జనవరి 26న మాస్కోలోని ప్రావ్దా పత్రిక నెహ్రూ ప్రభుత్వ విధానములను మెచ్చుకొనుచు సంపాదకీయము వెలువరించెను. కాంగ్రెసువారు దానిని అచ్చువేసి యూరూర పంచిపెట్టిరి. పార్టీ నాయకులకు నోట మాట రాలేదు. మాస్కో మాట వేదవాక్యమని జనులకు నేర్పినవారు, ఆ వేదమే ఎదిరిపక్షమును దీవించినప్పుడు ఏమని బదులు చెప్పగలరు? 196 స్థానములలో వారికి దక్కినవి 15. ఆ పరాజయమునకు భూస్వాముల ధనము, పత్రికల ప్రచారము మున్నగు కారణము లింకను గలవు. ఐనను సొంత యింటి దీపమును ఎరువు తెచ్చిన నూనెతో వెలిగించుకొన్నవానికి నూనె యిచ్చినవాడు ఎప్పుడైనను చీకటి చేయగలడని ఆ నాడు రుజువయ్యెను.

ఇక 1956 సంవత్సరపు నవంబరు మాసమును జ్ఞప్తికి తెచ్చికొందము. ఒకటవ తేదీన ఆంధ్రప్రదేశము అవతరించెను. కర్నూలు రాజధానీపదవి ముగిసెను. ఆ వారముననే రెండు దండయాత్రలు జరిగెను. సూయజు కాలువను జాతీయము చేసిన ఈజిప్టుపై ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇస్రాయేలు కలిసి విఱుచుకొనిపడెను. నాలుగవ తేదీన సోవియట్టు టాంకులు బుడాపెస్టు వీథులలో బ్రవేశించెను. కైరోపై బాంబులు పడినందుకు మన కమ్యూనిస్టులు ఆగ్రహించిరి. అది న్యాయమైన ఆగ్రహమే. బుడాపెస్టు కార్మికులపై గుండ్లు పేలినప్పుడు మాత్రము ప్రతివిప్లవము అణగినదని సమర్థించిరి. హంగరీ ప్రధానియైన ఇమ్రె నాజ్ తాను జీవితమంతయు కమ్యూనిస్టు. వానిని 1958లో ఉరిదీసిరి. కోవెలకుంట్ల ఉరికంబమును స్మరించువారికి ఈ యురికంబ మేల కనబడలేదు?

ఇందు వింతయేమనగా, ప్రతి భాషాజాతికిని స్వయంనిర్ణయాధికారము గలదని 1942 సెప్టెంబరులోనే అధికారిగారి సిద్ధాంతమును అంగీకరించి తీర్మానించిన పార్టీ ఇదియే. హిందూదేశము అనేకజాతుల నిలయమని, తెలుగుజాతి తన భవిష్యత్తును తానే నిర్ణయించుకొనవలెనని వారు చెప్పిరి. అంతటితో నాగక విడిపోవు హక్కును గూడ ఒప్పుకొనిరి. తెలుగువానికి ఢిల్లీనుండి విడిపోవు హక్కు నిచ్చినవారు, హంగరీవానికి మాస్కో మాట కాదను హక్కు నేల ఈయలేకపోయిరి? జాతి యను మాట వారికి ప్రాణమైనచో అది ప్రతిజాతికిని ప్రాణమే కావలెను. ఒకచోట ధర్మము, మఱొకచోట పనిముట్టు ఐనచో, అది పనిముట్టే.

1962 అక్టోబరు 20న చైనా సేనలు మన సరిహద్దులపై బడెను. నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయసమితి ఆ దాడిని ఖండించి దేశరక్షణకు బాసటగా నిలిచెను. ఈ మాట వారి గౌరవమునకై చెప్పవలసినది. కాని సమితిలో నొక వర్గము ఆ తీర్మానమునకు సమ్మతింపలేదు. 1964 జూలైలో తెనాలిలో సమావేశమైన ఆ వర్గమువారి సభలో మావో పెద్ద చిత్రపటము విరాజిల్లెను. యుద్ధము ముగిసి రెండేండ్లు నిండలేదు. మడిసిన జవానుల యిండ్ల ఏడుపులు మానలేదు. సుందరయ్యగారి వంటివారిని విచారణలేక నిర్బంధించుట ప్రభుత్వము చేసిన తప్పే; ఆ తప్పు ఆ పటమునకు సమర్థనము కాదు. అంతకంతకు ముదిరి, 1969 ఫిబ్రవరిలో నక్సలైటుల అఖిలభారత సంఘము నాగిరెడ్డిగారి ఆంధ్రశాఖను వెలివేసినప్పుడు చెప్పిన కారణములలో చైనాపార్టీపట్ల విధేయత చాలదన్నది యొకటి! తరిమెలలో పుట్టినవాడు పీకింగుపట్ల ఎంత విధేయుడో తూచి చూచు తక్కెడ యొకటి మన దేశమున వెలసినది. ఆ తక్కెడలో తేలికగా తేలుట నాగిరెడ్డిగారికి కీర్తియే.

1968 ఆగస్టులో జెకొస్లవేకియాలో, 1979 డిసెంబరులో ఆఫ్గనిస్థానములో సోవియట్టు సేనలు ప్రవేశించినప్పుడు గూడ మన కమ్యూనిస్టు నాయకత్వము సమర్థనమునకే పూనెను. రెండవ సందర్భమున వినిపించిన ముఖ్యవాదము, కాబూలు ప్రభుత్వమే ఆ సేనను ఆహ్వానించినదని. ఆహ్వానించినాడన్న ప్రభుత్వమునకు అధిపతి హఫీజుల్లా అమీను. డిసెంబరు 27 రాత్రి వచ్చిన యతిథులు చేసిన మొదటి పని వానిని చంపుట! పెండ్లిపిలుపు పంపినవాని ప్రాణము దీసి విందారగించిన చుట్టము లెందైన గలరా? పోనిండు, పిలిచెననియే యనుకొందము. నిజాము పిలువలేదా? సంధిపత్రముపై మొహరు వేయలేదా? పిలుపే ప్రమాణమైనచో దత్తమండలములు ధర్మముగనే దత్తమైనవని ఒప్పుకొనవలెను. కడపలోని కమ్యూనిస్టు ఆ మాట ఒప్పుకొనగలడా? ఒప్పుకొనలేనిచో కాబూలు విషయమున నా వాదమును విడువవలెను.

మిత్రులు మఱొక మాట యందురు. లోకమున ప్రధానశత్రువు అమెరికా సామ్రాజ్యవాదము. దాని నెదిరించువానిలో చిన్నలోపము లెన్నరాదని. అమెరికా వియత్నామున చేసినదానిని, అబద్ధపు సాకుతో 2003లో ఇరాకుపై చేసినదానిని మేమును నిరసింతుము. ఆ దినములలో వామపక్షములవారు వీథులలోనికి వచ్చి యూరేగుట దేశమునకు గౌరవము తెచ్చినది. కాని పెద్దదొంగను పట్టించుటకు చిన్నదొంగకు తాళపుచెవు లిచ్చు గృహస్థు తెలివిగలవాడా? పైగా, దోపిడికి గుఱియైన యింటివానికి దొంగలలో చిన్న పెద్ద లేవి? కాబూలులో బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి గుండు ఏ దేశపు కర్మాగారమున పోతపోసినదో విచారించు తీరిక యుండదు.

సోవియట్టు రాజ్యము 1991లో అంతరించినది. ఆ యెఱ్ఱజెండా క్రెమ్లినునుండి దిగినది. ఐనను అలవాటు దిగలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయినుపై దండెత్తినప్పుడు మార్క్సిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో ఆ సైనికచర్యను దురదృష్టకరమని పేర్కొని, నాటో కూటమి తూర్పునకు విస్తరించుటను ఎత్తిచూపెను. నాటో విస్తరణ విచారింపదగిన విషయమే. కాని ఇరాకునాడు దురాక్రమణ మనిన నోరు ఉక్రెయిననాడు దురదృష్ట మనుటలోని భేదమును గమనింపుడు. దురదృష్టము పిడుగు పడుటవలన గలుగును. వానలు లేక సీమ యెండుటవలన గలుగును. సరిహద్దు దాటిన సేనకు ఉత్తరువు ఇచ్చిన మనిషి యుండును. ఆ దినములలో భూగృహములలో తలదాచుకొని యింటికి ఫోనుచేసిన వైద్యవిద్యార్థులలో తెలుగుబిడ్డ లనేకులుండిరి. వారి తలిదండ్రులు దాని నేమని పిలిచిరో మన రీడింగురూములలో కూర్చున్నవారికి తెలియును.

ఇంతవఱకు చదివి చేతులు చఱచువారికి గూడ ఒక మాట. జాతీయవాదులమని చెప్పుకొనువారి తూనికరాళ్లు నిక్కమైనవేనా? 1956 నవంబరు 9న హంగరీలో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణమున ఎన్నికలు జరుపవలెనన్న తీర్మానమునకు వ్యతిరేకముగా నోటు వేసినది మన భారతప్రభుత్వము. 1968లోను, 1980లోను, 2022లోను మన ప్రతినిధులు ఏ పక్షమునకును చేయెత్తక తటస్థముగా కూర్చుండిరి. 1987లో మన సేన సింహళమునకు శాంతి నెపమున వెడలి, వేయిమందికి పైగా జవానులను పోగొట్టుకొని 1990లో తిరిగివచ్చెను. అదియు కొలంబో ప్రభుత్వపు పిలుపుపై జరిగిన ప్రయాణమే. హైదరాబాదు పోలీసుచర్య పరదేశదండయాత్ర కాదు. ప్రజలు కోరిన విముక్తియే. ఐనను ఆ పిదప అమాయకులైన మహమ్మదీయులపై జరిగిన హత్యాకాండను విచారించి పండిత సుందరలాల్ సంఘము సమర్పించిన నివేదిక, 27 వేలనుండి 40 వేలవఱకు ప్రాణములు పోయినవని అంచనావేసినది, దశాబ్దములు బీరువాలలో బడియుండెను. తన సేన చేసినదానిని దాచువాడు పరసేనను నిందించుటకు అర్హుడు కాడు. ఈ మాటను కమ్యూనిస్టులకు చెప్పు హక్కు మనకు రావలెనన్నచో ముందుగా మనకు మనము చెప్పుకొనవలెను.

అట్లైన ఏ సేనయు ఏ సరిహద్దును ఎన్నడును దాటరాదా యని యడుగవచ్చును. 1971లో తూర్పు బంగాళమునుండి కోటిమంది శరణార్థులు మన దేశమున చొరబడినప్పుడు, ఆ ప్రజలే తమ ఓట్లతో ఎన్నుకొన్న నాయకుని బందీచేసి వారిపై మారణహోమము సాగినప్పుడు, మన సేన నడచెను. డిసెంబరు 16న ఢాకాలో శత్రువు లొంగెను. మఱుసటి మార్చి మాసములో మన సేన మరలివచ్చెను. పిలిచినవారు ప్రజలా, పీఠమెక్కినవాడా? వచ్చినవారు వెడలు దినము గలదా? పోరు ముగిసిన పిదప భూమి యెవరి చేతిలో మిగిలెను? ఈ ప్రశ్నలను సూయజుకు, బుడాపెస్టుకు, కాబూలునకు, బాగ్దాదునకు, జాఫ్నాకు ఒకే తీరున వేయుటయే మేము కోరు కొలబద్ద. ఇందు సేన జెండారంగును గూర్చిన ప్రశ్న లేదు.

రాయలసీమలో వామపక్షము నేడు క్షీణించియున్నది. ఈశ్వరరెడ్డిగారిని గెలిపించిన కడపలో నేడు ఆ పార్టీకి ధరావతు దక్కుటయే కష్టము. మేము దీనికి సంతసింపము. పరదేశపు మూలధనమునకును, పరదేశపు ఒత్తిడికిని ఎదురుచెప్పు గొంతు ఈ దేశమున కవసరము. ఆ గొంతు సంప్రదాయముగా వారిది. కాని జనులు ఆ గొంతును నమ్మవలెనన్నచో అది ఎల్లవేళల నొకే స్వరము పలుకవలెను. రేపు ఏదో యొక మహారాజ్యపు నౌకాదళము హిందూమహాసముద్రమున నిలిచి మనలను బెదరించిన దినమున, వామపక్షమువారు ఎలుగెత్తి పిలిచినప్పుడు, మీరు బుడాపెస్టునాడు ఎక్కడ నుంటిరి, ఉక్రెయిననాడు ఏమంటిరి అని యడిగి జనులు ఇండ్లలో కూర్చున్నచో నష్టపోవునది ఒక పార్టీ కాదు, దేశము.

కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, నంద్యాల పట్టణములలో ఇంకను ఎఱ్ఱజెండా క్రింద సభలు జరుపుకొనుచున్న మిత్రులకు మా సలహా యొకటే. మీ తరువాతి సభలో అమెరికాను ఖండించు తీర్మానమును తప్పక చేయుడు. మేమును వచ్చి చేయెత్తుదుము. దాని క్రిందనే మఱొక తీర్మానము చేర్పుడు: బుడాపెస్టునుండి ఉక్రెయిను వఱకు మాస్కో సేనలు సరిహద్దులు దాటుట దురాక్రమణమే యని. పై కమిటీవా రేమందురో యని వెఱవవలదు. ఆ కమిటీలకంటె మీ తాతలు పాతవారు. పరాయి సేనకు జీతముగా అమ్ముడుపోవుట యెట్లుండునో వారికి తెలియును.